గూఢచారి నవల మీద నలుగురి మాట, అందులో నా మాట

పోస్టు పెద్దగున్నది. రాత్రి మెస్సు అయినంక నిమ్మళంగ చదవండి.

మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ తేదీలు, జాతరల ఫొటోలే ఉంటయి. నేను ఈసారి ఒక నవల గురించి రాస్తున్న. పేరు 'అమెరికన్ స్పై'. రాసింది లారెన్ విల్కిన్సన్ అనే నల్లజాతి రచయిత్రి. ఇది ఆమె మొదటి నవల, 2019లో వచ్చింది. సెంట్రల్ యూనివర్సిటీలో చదివే మా సీనియర్ అన్న ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొని, చదివి, పోయిన సెలవులకు వచ్చినప్పుడు మాకు ఇచ్చి పోయిండు. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివినోన్ని, ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకొని చదివితే నాకు నలభై రోజులు పట్టింది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినోన్ని నేనే మొదలు. ఇంగ్లీషు నవల పూర్తిగా చదువుడు కూడా ఇదే మొదలు.

చేతులు మారి ఆ పుస్తకాన్ని నలుగురం చదివినం. నలుగురివి నాలుగు మాటలు. ముందు కథ కొంచెం చెప్త, తర్వాత ఆ మాటలు చెప్త. ముగింపు చెప్పను, భయపడకండి.

కథ 1992లో మొదలైతది. మేరీ మిచెల్ అనే నల్లజాతి స్త్రీ ఇంట్లకు అర్ధరాత్రి ఒక మనిషి తుపాకీ పట్టుకొని చొరబడతడు. ఆమె వాన్ని చంపేస్తది. కవల పిల్లలిద్దరిని తీసుకొని, కరీబియన్ సముద్రంలో ఉన్న మార్టినీక్ ద్వీపానికి, తల్లి దగ్గరికి పారిపోతది. అక్కడ కూర్చొని, నేను ఎవరిని, ఏం చేసిన అని పిల్లలు పెద్దయినంక చదువుకునేటట్టు రాస్తది. నవల మొత్తం ఆ రాతనే.

మేరీ నాయిన న్యూయార్క్ పోలీసు. ఆమె ఎఫ్‌బీఐలో చేరుతది. అక్కడ అంతా తెల్ల మగవాళ్ల రాజ్యం. ఎంత పనిమంతురాలైనా ఆమెకు కాగితాల పని, నల్లవాళ్ల బస్తీలల్ల ఇన్ఫార్మర్లను తయారుచేసే పని తప్ప పెద్ద పని ఇయ్యరు. ఇట్లుండంగ 1987లో సీఐఏ వాళ్లు ఆమెను వెతుక్కుంట వస్తరు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశం ఉంది, దాని అధ్యక్షుడు థామస్ సంకరా కమ్యూనిస్టు, ఆయనకు దగ్గరవు అని పని చెప్తరు. ఇన్నేండ్లు పక్కకు పెట్టిన మనిషి ఇప్పుడెందుకు పనికొచ్చింది? తోలు నల్లగుంది కాబట్టి. ఆడది కాబట్టి. ఈ సంగతి మేరీకి కూడా తెలుసు. తెలిసే ఒప్పుకుంటది.

సంకరా కల్పిత పాత్ర కాదు. నిజం మనిషి. 1983 ఆగస్టులో, 33 ఏండ్ల వయసులో అధికారంలకు వచ్చిండు. తెల్లవాళ్లు పెట్టిన 'అప్పర్ వోల్టా' అనే పేరు తీసేసి 1984లో బుర్కినా ఫాసో అని పెట్టిండు. నిజాయితీ గల మనుషుల దేశం అని దానర్థం. మంత్రుల మెర్సిడెస్ కార్లు అమ్మించి, చిన్న రెనో 5 కార్లల్ల తిరగమన్నడు. కొద్ది వారాల్లోనే ఇరవై లక్షలకు పైగా పిల్లలకు తట్టు, మెదడువాపు, పచ్చజ్వరం టీకాలు వేయించిండు. ఎడారి ముందుకు రాకుండ చెట్లు నాటించిండు. బలవంతపు పెండ్లిళ్లను, ఆడపిల్లలకు కోత పెట్టే ఆచారాన్ని నిషేధించిండు. ఇంకో దిక్కు, సమ్మె చేసిన వెయ్యి మందికి పైగా టీచర్లను ఉద్యోగాలల్ల నుంచి తీసేసింది కూడా ఆయన ప్రభుత్వమే. 1987 అక్టోబర్ 15న ఆయన్ని కాల్చి చంపిన్రు. గద్దెనెక్కింది ఆయన దోస్తు బ్లెయిజ్ కంపోరే. 27 ఏండ్లు ఏలి, 2014లో జనం తిరగబడితే దేశం విడిచి పారిపోయిండు. 2022 ఏప్రిల్‌లో ఆ దేశ సైనిక కోర్టు, మనిషి ఎదురుగ లేకున్నా, కంపోరేకు యావజ్జీవ శిక్ష వేసింది. నవలలో ఉన్న అమెరికా కుట్ర, మేరీ, ఆమె ప్రేమ మాత్రం రచయిత్రి కల్పన.

ఇగ మా నలుగురి మాటలు.

మొదటి మాట నా రూమ్మేట్‌ది. వాడు స్పై సినిమా ఒక్కటి విడవడు. ఊళ్లె వాళ్ల మామ పెట్టెలో మధుబాబు షాడో నవలలు ఉంటే అన్నీ నమిలి మింగినోడు. "ఇది స్పై పుస్తకమారా? మొదటి పది పేజీలల్ల తుపాకీ పేలింది, ఇగ మళ్ల ఆమె చిన్నతనం, అక్క ముచ్చట, నాయిన ముచ్చట. బాంబు లేదు, ఛేజింగ్ లేదు" అని వంద పేజీల కాడ వదిలేసిండు. వాని మాట పూర్తిగ తప్పు కాదు. కథ 1992 నుంచి అరవైలకు, అక్కడి నుంచి 1987కు దుంకుతుంటది. మధ్యలో నాకూ నిద్రొచ్చింది. ఎవరు ఎవరికి ఏమైతరో కాగితం మీద రాసుకున్న. థ్రిల్లర్ అనుకొని కొన్న మనిషి మోసపోయిన అనుకుంటడు.

రెండో మాట అమ్మాయిల హాస్టల్‌లో ఉండే చెల్లెది. డిగ్రీ ఫస్టియర్. ఆమెకు మొదటి అధ్యాయం మస్తు నచ్చింది. పిల్లల్ని కాపాడుకునే తల్లి, చేతికి ఏది దొరికితే దానితో కొట్లాడే ఆడమనిషి, అట్లాంటి కథ ఎక్కడ చదివినం అన్నది. "కానీ అన్నా, నిఘా పెట్టమని పంపిన మనిషినే ప్రేమించుడు ఏంది? మగ గూఢచారి అయితే పని చేసుకొని వస్తడు. ఆడ గూఢచారి అయితే ప్రేమలో పడాల్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నాకు కూడా ఆ ప్రేమ తొందరగా అయిపోయినట్టే అనిపించింది. సంకరా ఉపన్యాసాలు బాగున్నయి. ఆయన ఒక మనిషిగా ఆమె ఎదురుగా కూర్చొని మాట్లాడిన పేజీలు మాత్రం తక్కువ.

మూడో మాట సీనియర్ అన్నది, పుస్తకం తెచ్చినాయనది. ఆయన కోపం వేరే. "సంకరా అమరుడు. ఆయన భార్య మరియం, ఇద్దరు కొడుకులు న్యాయం కోసం ఇన్నేండ్లు తిరిగిన్రు. అట్లాంటి మనిషికి లేని ప్రేమకథ అంటగట్టే హక్కు ఎవరిచ్చిన్రు?" అన్నడు. ఈ మాట మనకు కొత్త కాదు. 2020లో 'ఆర్‌ఆర్‌ఆర్' టీజర్‌లో మన కుమురం భీం తాతను టోపీతో చూపించినప్పుడు మన ఊర్లల్ల ఎంత లొల్లి అయిందో యాదికుండే ఉంటది. ఆ సినిమా కూడా ఒక రకంగ గూఢచారి కథనే కద. పోలీసుగా ఉన్న రామరాజు వేషం మార్చుకొని భీంను పట్టుకునేందుకే వస్తడు. చరిత్రలో అల్లూరి, భీం కలుసుకున్నది లేదు. అయినా సినిమా చూసిన ఎంతమందికో ఇప్పుడు అదే చరిత్ర. అందుకే అన్న కోపం నాకు అర్థమైంది. అమెరికాలో ఎంతమందికి సంకరా పేరు ఈ నవలతోనే తెలిసి ఉంటదో, ఆ ప్రేమకథ కూడా అట్లనే ఎక్కుతది. కాకపోతే అన్న మాటకు నాదొక జవాబు ఉంది. ఈ పుస్తకం పట్టుకోకపోతే నేను కూడా సంకరా గురించి వెతికేటోన్ని కాదు. పైన రాసినవన్నీ నవల చదివినంక వెతికి చదువుకున్నయే.

ఇంకో ముచ్చట కూడా ఉంది. 2019 వేసవిలో ఒబామా తాను చదివిన మంచి పుస్తకాల జాబితాలో ఈ నవల పెట్టిండు. ఎనిమిదేండ్లు సీఐఏ, ఎఫ్‌బీఐ ఆయన చేతి కిందనే ఉన్నయి. ఆయనే ఈ పుస్తకం చదవమన్నడంటే, రచయిత్రి అడిగిన ప్రశ్న ఆయనకు తగిలిందా, తగలకుండ పోయిందా అని నాకు అనుమానం.

నాలుగో మాట నాది. నా లెక్కల ఈ నవలలో అసలు థ్రిల్ తుపాకీ దగ్గర లేదు. హార్లెంలో మేరీ ఒక నల్ల అమ్మాయిని ఇన్ఫార్మర్‌గా వాడుకునే దగ్గర ఉంది. ఆ అమ్మాయి ఒక సంఘంలో తిరుగుతుంటది. మేరీ ఆమెతోటి మంచిగా మాట్లాడుతది, ఆమె చెప్పింది రాసుకుంటది. తర్వాత సీఐఏ వాళ్లు కూడా మేరీతోటి అట్లనే మంచిగా మాట్లాడుతరు. కింద ఉన్న అమ్మాయిని మేరీ ఎట్ల వాడుకున్నదో, పైనున్నోళ్లు మేరీని అట్లనే వాడుకుంటరు. అది అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలే.

దీని వెనక నిజం చరిత్ర ఉంది. 1956 నుంచి 1971 దాకా ఎఫ్‌బీఐ 'కోఇంటెల్‌ప్రో' అని ఒక రహస్య కార్యక్రమం నడిపింది. నల్లవాళ్ల సంఘాలలోకి, ఇంకా ఎన్నో సంఘాలలోకి మనుషులను పంపి లోపలి నుంచి పగలగొట్టుడు దాని పని. 1971 మార్చిలో కొందరు పౌరులు పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఎఫ్‌బీఐ ఆఫీసు తాళం పగలగొట్టి, ఫైళ్లు ఎత్తుకపోయి పేపర్లకు పంపితే ఈ సంగతి బయటపడ్డది. షికాగోలో బ్లాక్ పాంథర్ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ను 1969 డిసెంబర్ 4న తెల్లవారకముందే పోలీసులు ఇంట్ల చొరబడి మంచం మీదనే కాల్చి చంపిన్రు. ఆయనకు 21 ఏండ్లు. ఏ గది ఎక్కడుందో, మంచం ఎక్కడుందో గీసిన ఇంటి పటం ఎఫ్‌బీఐకి ఇచ్చింది ఆయన రక్షణ చూసుకునే విలియం ఓనీల్. దొంగ కారు కేసులో దొరికినప్పుడు, మాకు సమాచారం ఇస్తే కేసు లేకుండ చూస్తమని ఆ పిల్లగాన్ని లోపలికి లాగిన్రు. హాంప్టన్ చనిపోయినప్పుడు ఓనీల్‌కు 20 ఏండ్లు. నా వయసు.

మనకు కూడా ఇట్లాంటి కథ ఉంది. 1940లో జోడేఘాట్‌లో భీం తాత ఎట్ల చనిపోయిండో పెద్దలు చెప్పంగ అందరం విన్నం. పోలీసులకు దారి చూపించినోడు బయటోడు కాదు, మనోడే అని చెప్తరు. చిన్నప్పుడు వాన్ని తిట్టుకుంట విన్న. వాన్ని ఎవరు పిలిచిన్రు, ఏం చెప్పి పిలిచిన్రు, ఏం భయం పెట్టిన్రు, వాని పిల్లలు తర్వాత ఎట్ల బతికిన్రు అని ఎన్నడూ అడగలే. ఈ నవల చదివినంక అడగాలనిపించింది. తప్పును మాఫీ చేసేందుకు కాదు. మనోన్ని మన మీదికి ఎట్ల తిప్పుతరో తెలుసుకునేందుకు. మన ఏజెన్సీలల్ల ఇన్ఫార్మర్ అనే ఒక్క మాట మీద మనుషులు పోయిన ఇండ్లు ఉన్నయి. రెండు దిక్కుల నుంచి అడిగినోళ్లు ఉన్నరు, మధ్యలో నలిగినోళ్లు మనోళ్లే. కాబట్టి ఆ మాటను సినిమా డైలాగ్ లెక్క వాడుడు నాకు నచ్చదు.

ఇప్పుడు నా సంగతి చెప్త. ఇది చెప్పకుండ పైదంతా రాస్తే అబద్ధం అయితది.

పోయినేడు మా హాస్టల్‌లో పప్పు నీళ్ల లెక్క, అన్నం పలుకు పలుకు. పిల్లలందరం ప్లేట్లు పట్టుకొని గేటు కాడ కూర్చున్నం. నేను కూడా కూర్చున్న. మూడో రోజు నన్ను ఒక్కన్నే ఆఫీసు రూములోకి పిలిచిన్రు. నన్నే ఎందుకంటే, నాకు కంప్యూటర్ కొంచెం వస్తది. అప్పుడప్పుడు అక్కడ కూర్చొని లిస్టులు టైప్ చేసి పెట్టేటోన్ని. ఎప్పుడు పోయినా నిలబడే మాట్లాడేటోన్ని. ఆ రోజు కుర్చీ చూపించిన్రు. చాయ్ పోసిన్రు. ఎవరూ బెదిరియ్యలే. "నువ్వు తెలివిగల పిల్లగానివి, మీ ఇంట్ల మొదలు చదువుకున్నోనివి, నీకు ఈ లొల్లులెందుకు? ఎవరు మొదలుపెట్టిన్రో ఒక్క మాట చెప్పు, నీ పేరు బయటికి రాదు" అన్నరు. నా స్కాలర్‌షిప్ ఫైలు బల్ల మీదనే ఉంది. ఫైలు గురించి ఒక్క మాట కూడా అనలే. నేనే దాని దిక్కు చూసిన.

ఒక పేరు చెప్పిన.

ఆ తమ్మున్ని ఇరవై రోజులు ఇంటికి పంపిన్రు. ఇంటర్నల్ పరీక్ష ఒకటి పోయింది. పత్తి ఏరుడు సీజన్‌లో వాళ్ల బాపు రెండు రోజుల కూలి పోగొట్టుకొని, రెండు బస్సులు మారి వచ్చి, అదే రూము బయట చేతులు కట్టుకొని నిలబడ్డడు. నేను పైన వరండాలో నుంచి చూసిన. కిందికి దిగలే. పప్పు ఒక వారం చిక్కగ వచ్చింది, తర్వాత మళ్ల అట్లనే.

మేరీ కథలో నన్ను పట్టుకున్నది ఇదే. ఆమె చెడ్డది కాదు. ఆమెకు గుర్తింపు కావాలె, పని కావాలె, తన పనితనం ఎవరన్నా చూడాలె. లోపలికి రానిచ్చినోళ్లకు లొంగిపోవుడు ఎంత తేలికనో ఆ కుర్చీలో కూర్చున్న రోజు నాకు తెలిసింది. భయం కన్నా ముందు నాకు కలిగింది గర్వం. నన్ను పిలిచిన్రు అని. ఈ మాట రాసేందుకు సిగ్గనిపిస్తది, అయినా నిజం అదే.

రూమ్మేట్ అన్నట్టు స్పై అంటే దూరదేశంలో కోటేసుకొని తిరిగేటోడే అనుకుంటే ఈ నవల బోరే. కానీ మన బతుకులల్ల గూఢచారి పని చిన్న చిన్న అడుగులతోటి వస్తది. మనలో చాలా మంది కానిస్టేబుల్‌కు, గ్రూప్స్‌కు, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు చదువుతున్నరు. చదవాలె, ఆ ఉద్యోగాలు మనవి కూడా. మనోళ్లు లోపల లేకపోతే మన మాట వినేటోడే ఉండడు. కానీ రేపు పోడు భూముల కాడ లొల్లి అయితే, "నీకు భాష వస్తది, మీవోళ్లే కద, నువ్వు ముందు పో" అని మనల్నే ముందు నిలబెడతరు. ఎన్జీవోలో సర్వే పని దొరికినా అంతే, ఇంటింటి సంగతి మన చేతితోనే రాయిస్తరు. మేరీని ఎందుకు ఎంచుకున్నరో మనల్ని కూడా అందుకే ఎంచుకుంటరు.

అట్లని మన సంగతి బయటికి చెప్పుడే ద్రోహం అని నేను అనడం లేదు. భీం పోరాటం అయినంక, గోండుల సంగతి తెలుసుకొని చెప్పమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ దొరను పంపింది. ఆయన కూడా మన ఊర్లల్ల కూర్చొని మన సంగతులన్నీ రాసుకొని సర్కారుకు ఇచ్చినోడే. కానీ ఆ రాతల వల్ల ఎంతోమందికి భూమి పట్టాలు వచ్చినయి, మార్లవాయిలో గోండీ చదువు మొదలైంది. అందుకే మన పెద్దలు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటరు. ఆయన అడిగినప్పుడు మన మేలు కోసం అడిగిండు, రాసింది మన భూమి కోసం పనికొచ్చింది. నన్ను ఆ రూములో అడిగినప్పుడు పప్పు ఎందుకు పలుచగుంది అని ఒక్కరూ అడగలే. పేరు మాత్రమే అడిగిన్రు. ఆ తేడా నాకు అప్పుడే తెలియాల్సింది.

కాబట్టి ఈ నవల మీద నా అభిప్రాయం ఇది: గూఢచారి కథగా సగం మార్కులు. ప్రేమకథగా ఇంకా తక్కువ. చెల్లె అడిగిందీ, అన్న కోప్పడిందీ రెండూ న్యాయమే. కానీ ఇంట్ల మొదటగా చదువుకొని, పెద్ద గేటు లోపలికి పోతున్న మన లాంటోళ్లు చదవాల్సిన పుస్తకం. తల్లి తన పిల్లలకు తన తప్పులతో సహా చెప్పుకున్న కథ కాబట్టి, చదివినంక మనకు కూడా ఎవరికన్నా నిజం చెప్పాలనిపిస్తది.

నేను చెప్పిన. పోయిన నెల ఆ తమ్మున్ని బస్టాండ్ కాడికి తీసుకపోయి, నీ పేరు చెప్పింది నేనే అని చెప్పిన. ఆయన చాలాసేపు మాట్లాడలే. తర్వాత "నాకు అప్పుడే అనుమానం ఉండె అన్నా" అన్నడు. మాఫ్ చేసిన అనలే. నేను అడగలే కూడా. వాళ్ల బాపుకు ఇంకా చెప్పలే, దండారి పండుగకు వాళ్ల ఊరికి పోయినప్పుడు చెప్పాలె. ఆయన ఈ గ్రూపులోనే ఉన్నడు, ఈ పోస్టు పెట్టే ముందు చూపించి, పెట్టాల్నా అని అడిగిన. పెట్టమన్నడు.

పుస్తకం ఇప్పుడు ఆయన దగ్గరనే ఉంది. అరవయ్యో పేజీ కాడ ఉన్నడట. అయిపోయినంక ఎవరికి కావాలెనో కింద రాయండి, చేతికి అందేటట్టు చూస్త. చదివినోళ్లు మీ మాట కూడా రాయండి, నాతోటి కలవకున్నా సరే.